సంచీధరుడి తాళసమరం

…అయినా తాళమనేది మనిషికి లోపలే ఉంటుందంటారు కదా, మరి అందరి గుండెల్లాగే తన గుండె కూడా ఎవరూ చెప్పకుండానే లెక్క తప్పకుండా కొట్టుకుంటున్నప్పుడు, ఆ లెక్క చేతుల దాకా వచ్చేసరికి దారి ఎక్కడ తప్పుతోంది, భుజం దగ్గరా, మోచేతి దగ్గరా, లేక చేతులకన్నా ముందే బయల్దేరి నడిదారిలో నిలబడి ‘సరిగ్గానే వస్తున్నారా’ అని వెనక్కి తిరిగి చూసే ఆ పాడు ఆలోచన దగ్గరా అని తర్కించుకుంటూ, ప్రేమ్ కుమార్ మాస్టారు బస్సులో దిగవలసిన చోటు దాటిపోయి, తరవాతి స్టాపులో దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

ఆలకించండి, తాళం తప్పని చేతులు గల ధన్యులారా! అఖండ గౌతమీ ప్రవాహాన్ని ఆనకట్టతో ఆపి కాలువలుగా చీల్చి చేలకు పంచిపెట్టిన సీమలో, వరి కోతకొచ్చి పచ్చదనం మీద పసుపు తిరిగిన మాసంలో, బడిపంతుళ్ళకు ప్రభుత్వంవారు కరుణించి విడిచిన రెండో శనివారాన, సూర్యుడు దేవీచౌకు ఫ్లెక్సీల నెత్తిన నిలువునా నిలబడి ఏ నాయకుడి ముఖానికీ నీడ మిగల్చని మిట్టమధ్యాహ్నవేళ, రామచంద్రపుర వాస్తవ్యుడూ, సాంఘికశాస్త్ర బోధనాధురంధరుడూ, లూథరన్ సంఘమందు కానుకల సంచీధారణకు పేరుగన్నవాడూ, స్థూలహస్తుడూ, సూక్ష్మచిత్తుడూ అయిన ఈ ప్రేమ్ కుమార్, సంగీతతాళం మీద నడిచే ఒక వీడియో గేమును ఎంచుకోవడానికి రాజమహేంద్రవర మహానగరంలో ఎటువంటి సంగ్రామం చేశాడో, ఎవరిని గెలిచాడో, ఎంత గెలిచాడో చెబుతాను.

గెలుపు చాలా చిన్నది. ముందే చెప్పడం ధర్మం.

ప్రేమ్ కుమార్ అరచేతులు మామూలు అరచేతులు కావు. వెడల్పైనవి, దళసరివి. ఒకసారి చరిస్తే చర్చి కప్పు మీద పావురాలు లేచి గాదెల వీధి దాకా పోయి వచ్చేవి. ఇంత శబ్దసంపద ఇచ్చిన దేవుడు, దాన్ని ఎప్పుడు ఖర్చుపెట్టాలో చెప్పడం మాత్రం మరిచిపోయాడు. పాటకు సంఘమంతా చప్పట్లు కొట్టడం అక్కడి ఆచారం. కుడివైపు ఆడవాళ్ళు, ఎడమవైపు మగవాళ్ళు. మగవాళ్ళు ఎప్పుడూ పెద్ద శబ్దం వెంట పోతారు. అది మగవాళ్ళ స్వభావం. అలా ఎడమవైపు అంతా ప్రేమ్ కుమార్ చేతుల వెంట పోయేది, ప్రేమ్ కుమార్ చేతులు వాటి ఇష్టం వచ్చిన చోటికి పోయేవి. పాట ఆడవాళ్ళ వైపు ఒకసారి ముగిసి, మగవాళ్ళ వైపు మరొకసారి ముగిసేది.

ముందు నిలబడి పాడించేది అతని భార్య ఆశాజ్యోతి. క్వయర్ లీడరు. పెళ్ళైన కొత్తలో, తను చప్పట్లు కొడుతున్నప్పుడు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని పాడడం చూసి, ఎంత భక్తి అని పొంగిపోయాడు. అది ఓర్పు అని తెలియడానికి ఏళ్ళు పట్టింది.

అప్పట్లోనే పెద్దలు అతనికి కానుకల సంచి అప్పగించారు. ఎర్ర మఖమల్ సంచి, నోటి దగ్గర చెక్క చట్రం, రెండు చేతులతో పట్టుకోవాలి. మామూలుగా కానుకల పాటకే సంచి తిరుగుతుంది. కాని ఆరాధన మొదలైన దగ్గర్నుంచే పట్టుకుని సిద్ధంగా ఉండడం మర్యాద అని పెద్దలు సెలవిచ్చారు. ప్రేమ్ కుమార్ ఆ మర్యాదను ఒక్క ఆదివారం తప్పలేదు. ఇంత నమ్మకం తన మీద ఎందుకా అని మొదట్లో ఆశ్చర్యపడ్డాడు. తరవాత నమ్మకానికి తగినవాడినే అని ఒప్పుకున్నాడు. మనసు అలాంటిది, గౌరవానికి కారణం వెతకదు, అవమానానికి మాత్రం వంశవృక్షం గీస్తుంది.

పోయిన ఆదివారం బ్లేడు తగిలి అతని వేలు తెగింది. గుడ్డ చుట్టుకుని వచ్చాడు. పక్కన కూర్చున్న సుకుమార్, పాపం మంచివాడు, చెవిలో అన్నాడు.

“ఇలా ఇవ్వన్నయ్యా, ఈ వారం నేను పట్టుకుంటా.”

సంచి ఇంకా చేతులు మారనేలేదు. ముందు బెంచీ పెద్దలంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. “వద్దు! అతని చేతిలోనే ఉండనీ!” అని ఒక కేక వినబడింది. నూతి గట్టు మీద పసిపిల్లను చూసినవాడు పెట్టే కేక అది. ఆ కేకలో ప్రేమ్ కుమార్‌కు సర్వమూ తెలిసిపోయింది. తన చేతికిచ్చింది సంచి కాదు. సంచికి తన చేతుల్ని ఇచ్చి కట్టేశారు.

ఆశాజ్యోతిని అడగలేదు. అడిగితే నిజం చెప్పదు, ప్రేమ ఉంది కనుక. అబద్ధమూ చెప్పదు, భక్తి ఉంది కనుక. మధ్యేమార్గంగా ఇంకొంచెం కూర వడ్డిస్తుంది.

అతనికి కావలసింది పెద్దదేమీ కాదు. ఒక్క పాట. ఆమె కళ్ళు తెరుచుకుని పాడుతుండగా, తను చప్పట్లు కొట్టాలి. అంతే. అందుకు ముందు తనలో తాళం అనేది ఒకటుందో లేదో ఎవరైనా తేల్చి చెప్పాలి. మనుషులు చెప్పరు. గోదావరి జిల్లాల్లో మనిషి మొహం మీద నిజం చెప్పడం కన్నా మనిషికి పదవి ఇచ్చెయ్యడం సులువు. ఈ చింతలో ఉండగా, స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు శివరామకృష్ణ ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎవరో ఒక ప్లాస్టిక్ వాయిద్యం వాయిస్తున్నారు, తెర మీద రంగుల గుండ్రాలు నడిచి వస్తున్నాయి, దెబ్బ సరిగ్గా పడితే ‘గుడ్’, తప్పితే ‘మిస్’ అని మెషీను చెబుతోంది. ప్రేమ్ కుమార్ ఒళ్ళు జలదరించింది. పగ లేదు, దయ లేదు, మర్యాద అసలే లేదు. తను వెతుకుతున్న సాక్షి ఇదే.

“పండక్కి చొక్కా కొనుక్కొస్తా” అని ఇంట్లో చెప్పి రాజమండ్రి బస్సెక్కాడు. మర్నాడే సంఘంలో కోత పండుగ.

దేవీచౌకు పక్క సందులోని గేముల కొట్టు యుగంధర్‌ది. వాడిన గేములు కొంటాడు, అమ్ముతాడు, స్పీకర్లు బాగుచేస్తాడు. వాళ్ళ నాన్న ఇప్పటికీ కోటిలింగాల రేవు దగ్గర పడవ మీద వేటకు పోతాడు. కొడుకు ఒడ్డున కూర్చుని తీగల చిక్కులు విప్పుతాడు. ప్రేమ్ కుమార్ లోపలికి అడుగుపెట్టేసరికి ఎదురుగా ఆయుధాలు రెండు కనబడ్డాయి.

గోడకు వేలాడుతున్నది గిటారు. కాటుకనలుపు దేహం, నెత్తుటెరుపు అంచు, మెడ మీద పచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ బొత్తాల వరస. తీగలుండవలసిన చోట ఏమీ లేదు, ఒక చిన్న మీట తప్ప. నేల మీద పీటకు బిగించి ఉన్నది డోలు. గుండ్రటి తెల్లటి ముఖం, చుట్టూ ఎర్రటి అంచు, పక్కన రెండు పుల్లలు. చూడ్డానికి వంటింట్లో రోలు పక్కన పెట్టినా ఎవరూ అడగరు.

“చెప్పండి మాస్టారూ” అన్నాడు యుగంధర్. మాస్టారని ఎవరూ చెప్పనక్కర్లేదు, చొక్కా జేబులో ఎర్ర పెన్ను ఉంది. “ఎవరికండి?”

“తెలిసినవాళ్ళకండి.”

“వాళ్ళకి ఏది ఇష్టమండి? గిటారా, డ్రమ్మా?”

“అది వాళ్ళకే తెలియదండి.”

“ఆయ్, కష్టమేనండి” అన్నాడు యుగంధర్ సానుభూతిగా.

అంతట ప్రేమ్ కుమార్ చిత్తరణరంగమున ఉభయసేనలూ మోహరించాయి. మొదట గోడమీద నుంచి గిటారు ఇట్లు పలికింది:

‘ఓయీ, తాళభ్రష్టా! నన్ను మెడలో ధరింపుము. నన్ను ధరించినవానిని జనులు వినరు, చూతురు. ఏ బొత్తాము నొక్కితివో, ఏది విడిచితివో కనుగొను తీరిక ఎవ్వరికున్నది? తల ఒకింత వాల్చి, కనులు అరమోడ్చి నిలిచితివా, నీ తప్పు సైతము శైలి యనిపించుకొనును. నీ ఇల్లాలు సైతము కనులు విప్పి చూచును!’

నేల మీద నుంచి డోలు ఇలా అంది:

‘నా దగ్గర అలాంటివి లేవు. నాకొక ముఖం, నీకు రెండు చేతులు. పడితే పడినట్టు. తప్పితే తప్పినట్టు.’

ఇంతటి భాషణాల మధ్య, పైకి మాత్రం ప్రేమ్ కుమార్ గిటారు మీది దుమ్ము వేలితో తుడిచి, ఆ వేలు ప్యాంటుకు తుడుచుకుని, “ఇది బాగుందండి” అన్నాడు. తరవాత వంగి డోలు చూసి, “ఇదీ బాగుందండి” అన్నాడు. మళ్ళీ గోడ దగ్గరికి. మళ్ళీ నేల దగ్గరికి. ఇలా గోడకూ నేలకూ మధ్య అతడు చేసిన యాత్రలు చెప్పాలంటే పొద్దు చాలదు.

“ఏమనుకోకండి మాస్టారూ” అన్నాడు యుగంధర్, చివరికి. “మా నాన్న వల కొనేప్పుడు కూడా ఇంతసేపు చూడడండి. వల చూస్తాడు, గోదారి చూస్తాడు, కొట్టువాణ్ణి రెండు తిట్లు తిడతాడు, కొనేస్తాడు. మీరు తిట్టనైనా తిట్టట్లేదు.”

“ఆలోచిస్తున్నానండి.”

“ఆలోచిస్తే ఇవి అర్థం కావండి. ఆడి చూడండి. రండి, గిటారు మెడలో వేసుకోండి.”

వేశాడు. అంతే! వస్త్రాలంకరణం పూర్తయిన వీరుడి మొహంలో వచ్చే వెలుగు ప్రేమ్ కుమార్ మొహంలోకి వచ్చింది. కొట్టు అద్దం తలుపులో తన రూపు చూసుకున్నాడు. నడివయసు సాంఘికశాస్త్రం మాయమై, మెడలో పట్టీతో, ఒక కాలు కాస్త ముందుకు వేసి, ఎవరో నిలబడి ఉన్నారు. ఆ ఎవరో చాలా బాగున్నారు.

తెర వెలిగింది. నల్లని రహదారి ఒకటి ఆకాశం నుంచి అతని కాళ్ళ దగ్గరికి పరుచుకుంది. దాని మీద పంచవర్ణ చక్రాలు, పచ్చరథాలు, ఎర్రరథాలు, నీలరథాలు, దుమ్ము రేపుకుంటూ వచ్చిపడుతున్నాయి. ప్రేమ్ కుమార్ ధైర్యం విడవలేదు. పచ్చ రాగానే పచ్చ నొక్కాడు, ఎరుపు రాగానే ఎరుపు నొక్కాడు, హార్మనీపెట్టె మెట్లు నొక్కినట్టు శ్రద్ధగా నొక్కాడు. రథాలన్నీ అతన్ని గుర్తించకుండా దాటిపోయాయి.

“మీట కూడా కొట్టాలండి” అన్నాడు యుగంధర్. “నొక్కి కొట్టాలి. రెండో చేత్తో.”

“ఒకేసారా?”

“ఒకేసారేనండి. అదే కదండీ ఆట.”

ఒకేసారి! జీవితంలో తన రెండు చేతులూ ఒకేసారి ఒక పని మీదికి పోయింది సంచి పట్టుకోవడానికే. ఎడమచెయ్యి నొక్కే వేళకు కుడిచెయ్యి ఆలోచిస్తోంది. కుడిచెయ్యి కొట్టే వేళకు ఎడమచెయ్యి పశ్చాత్తాపపడుతోంది. పొరుగు రాజులిద్దరు ఒకే శత్రువు మీదికి దండెత్తి, దారిలో ఎవరు ముందు నడవాలో తేలక తగువులాడుకున్నట్టుంది. తెర మీద ఉన్న ఉత్తుత్తి ప్రేక్షకులు ‘ఊ…’ అని ఎగతాళిగా అరవడం మొదలుపెట్టారు. అయినా అద్దంలో ఆ ఎవరో ఇంకా బాగానే ఉన్నారు. చెవులు మూసుకుంటే చాలు, బాగానే ఉన్నారు. ఇదే కొనేద్దామా అని మనసు మెత్తబడింది.

సరిగ్గా ఆ క్షణాన అద్దం తలుపు తోసుకుని, అద్దంలోని ఆ ఎవరినో రెండుగా చీల్చుకుంటూ, పాపాయమ్మగారు లోపలికి వచ్చారు.

పాపాయమ్మగారంటే ఎవరనుకున్నారు? స్త్రీల సమాజం అధ్యక్షురాలు. సంఘంలో పెళ్ళిళ్ళు కుదిర్చి, తగువులు తీర్చి, పాస్టరుగారి ప్రసంగం ఎక్కువైతే ముందు వరసలో గొంతు సవరించి ఆపగల శక్తి. కోత పండుగకు రంగు కాగితాలు కొనడానికి రాజమండ్రి వచ్చారు. బాగుచెయ్యమని ఇచ్చిన సమాజం స్పీకరు తీసుకుపోదామని ఈ కొట్టుకు వచ్చారు. వచ్చి చూస్తే కానుకల సంచి ప్రేమ్ బాబు, మెడలో గిటారుతో.

“ప్రేమ్ బాబూ!” అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “గిటారు కొన్నావా నాయనా? సంఘానికే?”

“కాదండీ, ఇది…”

“ఆశాజ్యోతి ఒక్క మాట చెప్పలేదు చూడు! కోత పండక్కి ప్రథమఫలం ఇస్తున్నావన్న మాట. వరికంకులు తెస్తారు, గుమ్మడికాయలు తెస్తారు, కోళ్ళు తెస్తారు. గిటారు తెచ్చినవాణ్ణి చూళ్ళేదు.”

“అమ్మగారూ, ఒక్క నిమిషం వినండి…”

“తరవాత వింటా. వాయిద్యం వాయించేముందు ప్రార్థన చెయ్యకుండా ముట్టుకోకూడదు. ముట్టేసుకున్నావు కూడా. కళ్ళు మూసుకో.”

అది ఆ సంఘంలో తప్పని ఆచారం. కీబోర్డు కొన్నా, డోలక్ కొన్నా, చివరికి కంజరి కొన్నా, మొదట దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. ప్రార్థన అయిన వాయిద్యం మళ్ళీ కొట్టుకు పోదు. పాపాయమ్మగారు కుడిచెయ్యి గిటారు నడుము మీద ఆనించి కళ్ళు మూశారు. ప్రేమ్ కుమార్ కళ్ళు మూశాడు. యుగంధర్ కౌంటరు వెనక చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాని గేము ఆపినవాడు లేడు. పరిశుద్ధుడా, ప్రభువా అని పాపాయమ్మగారు ఎత్తుకోగానే తెర మీద ప్రేక్షకులు ‘ఊ…’ అన్నారు. ఈ బిడ్డ చేతులను ఆశీర్వదించుము అనగానే ఈలలు వేశారు. పాపాయమ్మగారు గొంతు పెంచారు.

“దుష్టుని ఘోషను గద్దించుచున్నాము తండ్రీ!”

‘ఊ…’

“ఈ దినమే గద్దించుచున్నాము!”

పాట అయిపోయింది. తెర చప్పబడింది. గద్దింపు పనిచేసినట్టు పాపాయమ్మగారు సంతృప్తిగా “ఆమేన్” అన్నారు. యుగంధర్ కూడా ఎందుకైనా మంచిదని “ఆమేన్ అండి” అన్నాడు.

“రేపు మొదటి పాట నీదే” అన్నారు పాపాయమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ. “పాస్టరుగారికి నేను చెబుతా. నువ్వు ముందు నిలబడి వాయిస్తావు. ఆశాజ్యోతి పక్కనే.”

ఆశాజ్యోతి పక్కనే! కళ్ళముందు ఆ దృశ్యం పూర్తిగా వచ్చి నిలబడింది. మెడలో నల్లటి గిటారు, పక్కన భార్య, ఎదురుగా సంఘం. అతను మీట కొడతాడు. ఏమీ వినిపించదు. ఇది టీవీకి తగిలిస్తే తప్ప కిక్కురుమనని వస్తువు. తప్పు తాళమైనా రాదు. అసలేమీ రాదు. ఆశాజ్యోతి కళ్ళు మూసుకుంటుంది. ఈసారి ఇంటికొచ్చేదాకా తెరవదు.

అప్పుడు స్థూలహస్తుడైన ఆ వీరుడు, పట్టీ విప్పి, ప్రార్థన పొందిన గిటారును మెడలోంచి తీసి కౌంటరు మీద పెట్టాడు.

“ఇది గిటారు కాదండి” అన్నాడు. “ఆట సామాను. చూడండి, తీగలు లేవు.”

పాపాయమ్మగారు వంగి చూశారు. “కరెంటు గిటారు కదా, తీగలు కరెంటులో వస్తాయేమో అనుకున్నా.”

“రావండి.”

“మరి నువ్వెందుకు వేసుకున్నావు?”

ఈ ప్రశ్నకు ప్రేమ్ కుమార్ మనసు వందరకాల జవాబులు తయారుచేసి వరసగా నిలబెట్టింది. తెలిసినవాళ్ళకని. స్కూలు వార్షికోత్సవానికని. వాటన్నిటినీ పక్కకు తోసుకుని, పిలవని మాట ఒకటి బయటికి వచ్చేసింది.

“నాకు సంచి ఎందుకిచ్చారండీ?”

యుగంధర్ ఎవరికీ అడ్డం కాకుండా ఒక వైరు తీసుకుని దాని చిక్కు విప్పడం మొదలుపెట్టాడు. దానికి చిక్కేమీ లేదు.

పాపాయమ్మగారు కుర్చీలో కూర్చున్నారు. రంగు కాగితాల చుట్ట ఒళ్ళో పెట్టుకున్నారు.

“నీ చేతులు ఖాళీగా ఉంటే మీ పక్కంతా తప్పుతోంది బాబూ” అన్నారు. “నువ్వు మెల్లిగా కొడితే ఎవరికీ బాధ లేదు. నువ్వు కొడితే పిడుగు. ఎలా చెప్పమంటావు? చప్పట్లు కొట్టకు అని దేవుని మందిరంలో చెబుతామా ఎవరికైనా? ఆ సంచి ఉపాయం నాదే. తిడితే నన్ను తిట్టు. ఆ అమ్మాయిని ఏమీ అనకు, అదెప్పుడూ ఒక్క మాట అనలేదు.”

ఆశ్చర్యం! ఇన్నేళ్ళుగా గుండెలో కట్టుకున్న కోట మీద పడవలసిన ఫిరంగి దెబ్బ పడింది. కోట కూలలేదు. అసలక్కడ కోట లేదు. చిన్న పాక ఉంది, దాన్లో గాలి ఆడుతోంది. నిజం విన్నాక మనిషికి మొదట తోచేది దుఃఖం కాదు, ఆకలి. పొద్దున్నుంచి ఏమీ తినలేదని ప్రేమ్ కుమార్‌కు గుర్తొచ్చింది.

“యుగంధర్‌గారూ” అన్నాడు. “డ్రమ్ము పెట్టండి.”

డోలు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పుల్లలు రెండూ చేతబట్టాడు. తెర మీద ఈసారి రహదారి లేదు, ఒక వాకిలి ఉంది. కుడివైపు నుంచి ఎర్ర గుండ్రాలు ఒక్కొక్కటి బయల్దేరి ఆ వాకిట్లోకి నడిచి వస్తున్నాయి. గుండ్రం వాకిట్లోకి వచ్చిన క్షణాన డోలు ముఖం మీద కొట్టాలి. ముందూ కాదు, వెనకా కాదు.

కొట్టాడు. మిస్. కొట్టాడు. మిస్. పీట అదిరింది. షోకేసులోని డబ్బాలు కదిలాయి. మిస్.

“మెల్లిగానండి మాస్టారూ, వాడినదే” అన్నాడు యుగంధర్. కాసేపు చూశాడు. మర్యాదస్థుడు కనుక తట్టుకోలేకపోయాడు. “తప్పు మీది కాకపోవచ్చండి. టీవీ కొంచెం వెనకబడుతుందండి ఒక్కోసారి. సెటింగుల్లో మార్చుకోవచ్చు. మీ చెయ్యి ఎంత లేటు పడుతుందో చూసుకుని, మెషీన్ని కూడా అంతే లేటు చేసేస్తానండి. అప్పుడన్నీ ‘గుడ్’ వస్తాయి.”

పుల్లలు గాలిలో ఆగాయి.

లోకంలో ఇంతటి ప్రలోభం ఎవరికైనా ఎదురైందా! సృష్టి అంతటినీ తన తప్పుకు సరిపడా వెనక్కి జరిపి, తప్పే లేకుండా చేయగల మీట ఒకటుంది. ఒక్కసారి నొక్కితే చాలు. ముందు బెంచీ పెద్దలు తన కోసం చేసింది కూడా అదే కదా అనిపించింది. వాళ్ళ మంచితనం అంతా ఒక సెటింగు. తన జీవితమంతా ఎవరో ఒకరు మెల్లిగా వెనక్కి జరుపుతూ వచ్చారు, ఎక్కడా తగలకుండా.

“వద్దండి” అన్నాడు. “ఉన్నదున్నట్టే ఉండనివ్వండి.”

“అట్లయితే కష్టమండి.”

“తెలుస్తోందండి.”

మళ్ళీ మొదలైంది. మిస్. మిస్. చేతులు ముందుకు పోతుంటే ఆలోచన వాటికన్నా ముందు పరిగెత్తి, దారి మధ్యలో నిలబడి వెనక్కి చూస్తోంది. ఎప్పటిలాగే. ఆ చూసేవాడిని తప్పించుకు పోయే దారి లేదు. యుగంధర్ వైరు పక్కన పెట్టేశాడు. ఒక ఎర్ర గుండ్రం వాకిట్లోకి నడిచి వస్తోంది. ఆ సమయాన ప్రేమ్ కుమార్ కడుపులో ఆకలి ఒకసారి గురగురమని మోగింది. ఆలోచన దాని వైపు తల తిప్పింది. కాపలావాడు తల తిప్పిన ఆ రెప్పపాటులో, కుడిచెయ్యి, ఎవరి అనుమతీ లేకుండా, కిందికి దిగింది.

‘గుడ్!’ అంది మెషీను.

తరవాత మళ్ళీ వరసగా మిస్‌లే వచ్చాయి. అది వేరే సంగతి. పగా దయా లేని సాక్షి, అబద్ధం చెప్పడం చేతకాని సాక్షి, చెప్పవలసిన మాట చెప్పేసింది.

“ఇది ఇచ్చెయ్యండి” అన్నాడు ప్రేమ్ కుమార్, లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. “ఎవరికో కాదండి. నాకే.”

“ఆ సంగతి మీరొచ్చినప్పుడే తెలిసిందండి” అన్నాడు యుగంధర్.

పాపాయమ్మగారికి మాత్రం ఇంకో చింత పట్టుకుంది. “ప్రార్థన చేసింది గిటారు మీద కదా. ఇప్పుడు దాన్ని గోడకు తగిలించేస్తే ఎలా?” కాసేపు గిటారు వైపు చూశారు, కాసేపు ప్రేమ్ బాబు వైపు చూశారు. “అయినా ఆ చేతులను ఆశీర్వదించుమన్నానే గాని, సామాను పేరు నేనెక్కడా ఎత్తలేదు.” లెక్క కుదిరింది. “ఏవయ్యా యుగంధర్, మా స్పీకరేది?”

యుగంధర్ డోలును పుల్లలతో సహా పెద్ద ఎర్ర సంచిలో పెట్టి ప్రేమ్ కుమార్‌కు అందించాడు. ప్రేమ్ కుమార్ దాన్ని రెండు చేతులతోనూ, ఛాతీ ఎత్తున, సంచి నోరు పైకుండేట్టు పట్టుకుని నిలబడ్డాడు. అలా నిలబడడం అతని ఒంటికి తెలుసు. పాపాయమ్మగారు ఆ నిలబడిన తీరును కాసేపు చూశారు.

యుగంధర్ స్పీకరును పరీక్షించడానికి పాపాయమ్మగారి ఫోను తీసుకుని ఏదో ఒకటి నొక్కాడు. క్వయర్ ప్రాక్టీసు మోగింది. నిన్న సాయంత్రంది. వెనకాల డోలక్, కీబోర్డు, ఆడవాళ్ళ గొంతులు. వాటన్నిటికీ ముందు నడుస్తూ ఆశాజ్యోతి గొంతు. స్పీకరు బ్రహ్మాండంగా బాగైంది. సందులో పోయేవాళ్ళు తొంగిచూశారు.

“ఆ సంచి ఇలా ఇయ్యి” అన్నారు పాపాయమ్మగారు.

“పర్లేదండి, నేను పట్టుకుంటా.”

“ఇయ్యవయ్యా. రేపు ఆ సంచి కూడా నేనే పట్టుకుంటాలే. నా చేతులు ఇక ఎంత కొట్టినా వినబడవు.”

తీసేసుకున్నారు. రంగు కాగితాలు చంకలో, డోలు సంచి రెండు చేతుల్లో, అధ్యక్షురాలు కొట్టు మధ్యలో నిలబడి ఎదురుచూస్తున్నారు. కళ్ళు మూయలేదు. బాగా తెరిచి చూస్తున్నారు.

దిక్కులారా, కాలువలారా, దేవీచౌకులో హారన్లు మోగించే సమస్త వాహనాల్లారా, కాసేపు నిశ్శబ్దంగా ఉండండి! అన్నేళ్ళ తరవాత, ఖాళీ అయిన ఆ రెండు అరచేతులూ, ముందు సిగ్గుపడి, తరవాత ఒకదాన్నొకటి పరాయివాళ్ళలా చూసుకుని, పాటలో ఆశాజ్యోతి ఊపిరి తీసుకుని పల్లవికి తిరిగి వచ్చే మలుపు దగ్గర, ఆలోచన ఇంకా గుమ్మం దాటకముందే గాలిలోకి లేచి, గీత గీసినంత సూటిగా ఒకదానికొకటి ఎదురుపోగా, రామచంద్రపుర వాస్తవ్యుడూ, మాజీ సంచీధరుడూ అయిన ప్రేమ్ కుమార్, చిన్నగా, ఒక్క పావురం కూడా లేవనంత మెత్తగా, ఒక్క చప్పట చరిచాడు.

అది పడవలసిన చోటే పడింది.